ఇనపక్క కట్టిన పడవ

ఆమెకు ఆ పేరు తన పెళ్లిరోజునే వచ్చింది. అంతకుముందు ఇంట్లోవాళ్లు పిలిచే ముద్దుపేరు ఒకటి ఉండేది. ఆ మధ్యాహ్నం తర్వాత ఆ పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు.

గొడవ ఫొటో దగ్గర మొదలైంది. పెళ్లికొడుకు పక్కన వాళ్ల పెదనాన్న నిలబడాలా, ఈమె మేనమామ నిలబడాలా అన్న మాట చిలికి చిలికి గాలివాన అయింది. ముందు భుజాలు రాసుకున్నాయి, తర్వాత చొక్కాలు చిరిగాయి, ఆపైన కుర్చీలు లేచాయి. విడదీద్దామని మధ్యకు వెళ్లిన ఆమె నాన్న ఒక కుర్చీ దెబ్బకు కిందపడ్డాడు. కాసేపట్లో ఆయనకు అల్లుడు కావలసినవాడు ఆయన్ని లేపలేదు సరికదా, బూటుకాలితో డొక్కలో తన్నాడు. తన్నిన కాలు దించి మళ్లీ ఎత్తాడు. ఆమె చేతికి అందింది పూలకుండీ నిలబెట్టే ఇనప స్టాండు. రెండు చేతులా ఎత్తి అతని భుజమ్మీద వేసింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

పెళ్లి అక్కడితో ఆగింది. రెండు వైపులవాళ్లూ ఎవరి దెబ్బలు వాళ్లు మోసుకుని ఒకే ఆసుపత్రికి వెళ్లి, అక్కడ వరండాలో ఇంకో విడత కొట్టుకున్నారు. నాన్న బతికాడు గానీ పోయేదాకా ఎడమపక్కకు తిరిగి పడుకోలేకపోయాడు. "ఇనప స్టాండుతో మొగుణ్ని కొట్టిందట" అని వీధిలో అనుకున్న మాట అరిగి అరిగి 'ఇనపక్క' అయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కతే ఆ హాలుకు వెళ్లింది. బట్టతల మేనేజరు చేతిలో చీపురుతో గాజుపెంకుల మధ్య నిలబడి ఉన్నాడు.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు.

"శుభ్రం చేద్దామనండి."

"విరగ్గొట్టినవాళ్లు ఊడవడానికి వచ్చిన దాఖలా నేను ఇంతవరకు చూళ్లేదు" అని చీపురు ఆమె చేతికిచ్చి, తను తడిగుడ్డ తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం అదే హాల్లో ఎవరిదో పుట్టినరోజు. నలిగిన పూలలో నలగనివి ఏరి, విరిగిన కుర్చీకాళ్లకు చుట్టి, గుమ్మం దగ్గర ఒక చిన్న చెట్టులా నిలబెట్టింది. పుట్టినరోజు పిల్ల తల్లి అది చూసి, ఎవరు చేశారని అడిగింది. మేనేజరు ఇనపక్కను చూపించాడు. అలా మొదలైంది ఆమె పని.

ఏళ్లు గడిచేసరికి ఊళ్లో పెళ్లంటే ఇనపక్క చేయాలన్న పేరు వచ్చింది. ఆమె ఏ రెండు పెళ్లిళ్లూ ఒకేలా చేయలేదు. బస్సు డ్రైవరు ఒకతను కండక్టరమ్మాయిని చేసుకుంటుంటే హాలు గుమ్మానికి పాత బస్సు తలుపు బిగించి, వచ్చిన ప్రతి ఒక్కరికీ సీటు నంబరున్న టికెట్టు చింపి ఇప్పించింది. గడియారాలు బాగుచేసే ముసలాయన లేటువయసులో తోడు వెతుక్కుంటే, గోడనిండా గడియారాలు కట్టి, అన్నిటినీ ఆయన ఆమెను మొదటిసారి చూసిన వేళకు తిప్పి ఆపింది. చెవులు వినపడని జంటకు బాజాల బదులు దీపాలు వాయించింది. చప్పట్లకు మారుగా జనమంతా చేతులు పైకెత్తి ఆడించారు.

అయితే ఆమెకున్న అసలు విద్య వేరు. కొట్లాట ఎక్కడ పుడుతుందో ముందే పసిగట్టేది. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. రెండు కుటుంబాలనూ విడివిడిగా కూర్చోబెట్టి, "మీలో ఎవరికెవరికి పడదు?" అని అడగడంతోనే పని మొదలయ్యేది. కుర్చీలను నాలుగేసి కలిపి అడుగున తీగతో బిగించేది, ఎవడూ ఒక్కటి పీకి ఎత్తలేకుండా. గాజు సీసా గుమ్మం దాటనిచ్చేది కాదు. కేకు కోసే కత్తి అంచు స్వయంగా రాతిమీద రుద్ది మొద్దుబార్చేది. ఒకసారి ఏళ్లతరబడి మాటల్లేని ఇద్దరు బావమరుదుల్ని ఒక ముసలమ్మకు అటూ ఇటూ కూర్చోబెట్టింది. మాటామాటా అనుకుని ఆవిడ ఒడి మీదుగానే కలబడబోతే, ఆవిడ చేతికర్రతో ఇద్దరి మోకాళ్ల మీదా చెరొకటి తగిలించి, "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లకూడదంటారు, నా చంకల్లో రెండున్నాయి" అంది. హాలంతా నవ్వింది. ఇనపక్క మాత్రం నవ్వలేదు, వాళ్ల చేతులే చూస్తూ నిలబడింది.

ఆమె దగ్గర పనివాళ్లలో పాతకాపు కరెంటు బాబాయి. వైర్లు, దీపాలు, నిచ్చెన ఆయన లోకం. ఆయనే ఒకరోజు ఆ జంటను ఆఫీసుగదిలోకి తీసుకొచ్చాడు.

పెళ్లికొడుక్కి మోటారు విడిభాగాల దుకాణం ఉంది. మనిషి శుభ్రంగా, మాట మెత్తగా ఉన్నాడు. కూర్చునే ముందు కుర్చీ లాగి పెళ్లికూతుర్ని కూర్చోబెట్టాడు. కరెంటు బాబాయి ఆ పూటే అతనికి 'మెత్తనబ్బాయి' అని పేరు పెట్టేశాడు. ఆ అమ్మాయి కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వాళ్ల నాన్న బేకరీ మేస్త్రి. జీవితమంతా పిండి పిసికిన చేతులు, రోకళ్లలాంటి మణికట్లు.

"వేదిక పడవలా ఉండాలండి" అన్నాడు మెత్తనబ్బాయి. "తనని నేను చెరువు మధ్యలో పడవమీదే అడిగాను. ఉత్తుత్తి అట్టపడవ కాదు, ఎక్కితే కదిలే పడవ కావాలి. తెడ్లు కూడా నిజం తెడ్లే."

ఇనపక్కకు ఒక అలవాటుంది. జంటను విడదీసి, ఎలా కలిశారో ఒక్కొక్కరినీ విడిగా చెప్పమంటుంది. ఇద్దరూ చెప్పేది ఎప్పుడూ కలవదు. వాన పడిందని ఒకరంటే ఎండ కాసిందని ఇంకొకరంటారు. ఆ తేడాల్లోంచే ఆమె పెళ్లి పుట్టేది. ఈసారి అతను చెప్పిన కథ విని బయటకు పంపి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టింది. అమ్మాయి చెప్పింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి, గాలి ఆగిపోయింది, నా చెయ్యి పట్టుకుని అడిగాడు, నేను కాదనలేకపోయాను. అక్షరం పొల్లుపోలేదు. ఆఖరికి అతను ఊపిరి పీల్చుకున్న చోటే ఈమె కూడా పీల్చుకుంది.

వాళ్లు వెళ్లాక ఇనపక్క పడవ కొలతలకని తీసిన కాగితం పక్కన పెట్టేసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు కరెంటు బాబాయి.

"ఆ పిల్ల కథ చెప్పలేదు బాబాయ్. పాఠం అప్పజెప్పింది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మనల్ని కట్టమంది పడవ. కట్టి ఇద్దాం."

ఆమె ఊరుకుంది. పడవ కట్టించింది. అడుగున స్ప్రింగులు పెట్టించి, ఎక్కితే కాస్త ఒరిగేలా చేసింది. అంచున రెండు చెక్కతెడ్లు వేలాడదీసింది. పని బాగా కుదిరింది. అలా కుదిరినందుకు లోపల సంతోషపడింది కూడా. ఆ సంతోషం తలచుకుంటే తర్వాత చాలాకాలం ఆమెకు అన్నం సహించలేదు.

పెళ్లిరోజు పొద్దున, జనం ఇంకా పూర్తిగా రాకముందు, వేదిక ఎక్కి ఎలా నడవాలో చూపించడానికి పెళ్లికూతుర్ని పిలిచింది. అమ్మాయి ఒక కాలు పెట్టింది. పడవ ఒరిగింది. అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులతో గొంతు పట్టుకుని, గట్టున వేసిన చేపలా నోరు తెరిచి మూస్తోంది.

ఇనపక్క ఆమెను ఎత్తుకున్నంత పనిచేసి అలంకరణ గదిలోకి తీసుకెళ్లి, తలుపు దగ్గరకు వేసింది. నీళ్లిచ్చింది. అమ్మాయి గ్లాసు చూసి తల తిప్పుకుంది.

"పడవలో ఏం జరిగింది తల్లీ? ఆ రోజు చెప్పిన కథ వద్దు నాకు."

అమ్మాయి అద్దంలో తనను తాను చూసుకుంటూ చెప్పింది. "ఆలోచించుకుని చెప్తానన్నా అక్కా. అంతే అన్నా. లేచి నన్ను నీళ్లలోకి తోశాడు. నాకు ఈత రాదని అతనికి తెలుసు. మునిగాక జుట్టు పట్టుకుని పైకి లాగి, 'ఇప్పుడు చెప్పు' అన్నాడు. నోట్లో నీళ్లు, చెప్పలేకపోయా. మళ్లీ ముంచాడు. ఈసారి లాగాక చెప్పా, సరేనని. గట్టుకొచ్చాక తన చొక్కా విప్పి నాకు కప్పి, ఎలా చెప్పుకోవాలో ఇంటిదాకా నేర్పించాడు."

"అమ్మకి చెప్పావా?"

"చెప్పా. ప్రేమ ఎక్కువైనవాళ్లు అలాగే ఉంటారంది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు కదే, నువ్వు ఒక్కటి ఆడలేవా అంది. నాన్నకి చెప్పలేదు. చెప్తే ఊరుకోడు. ఊరుకోకపోతే వీళ్లు నాన్నని చంపేస్తారు."

ఇనపక్క వంగి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. "చూడు, ఈ పడవ కట్టింది నేను. ఇప్పటికిప్పుడు విప్పేయనూ గలను. వెనక తలుపుంది, బయట బాబాయి బండి ఉంది. వెళ్దామంటే ఒక్క మాట అను."

అమ్మాయి నోరు తెరిచేలోపు గడియ పడిన చప్పుడైంది. మెత్తనబ్బాయి లోపలికి వచ్చి, వీపుతో తలుపు మూసి నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో.

"ఆవిడని బయటికి వెళ్లమను" అన్నాడు పెళ్లికూతురితో. గొంతు పెంచలేదు.

"నేను వెళ్తే ఈమె కూడా వస్తుంది బాబూ" అంది ఇనపక్క లేస్తూ.

అందితే జుట్టు అన్న మాట ఊరికే రాలేదు. అతను రెండంగల్లో వచ్చి పెళ్లికూతురి జుట్టు చేతికి చుట్టుకుని తల బల్లకేసి కొట్టాడు. పూలు, పిన్నులు, పౌడరు డబ్బాలు చెల్లాచెదురయ్యాయి. ఇనపక్క అతని నడుం పట్టి లాగింది. మోచేత్తో ఆమె మొహమ్మీద ఒక్కటిచ్చాడు. ముక్కులోంచి వెచ్చగా నోట్లోకి కారింది. ఆమె వదల్లేదు. వాణ్ని అలాగే ఈడ్చుకుంటూ తలుపు దాకా వెళ్లి, ఎడంచేత్తో గడియ తీసి రెక్క ఇంత తెరిచి, అంచు పట్టుకుని, "బాబాయ్" అని అరిచింది. అతను వెనక్కి తిరిగి, తలుపును భుజంతో తోశాడు. ఆమె వేళ్లు రెక్కకూ చట్రానికీ మధ్య ఉన్నాయి. అది చూసి ఇంకా గట్టిగా తోశాడు. ఎముకలు పటపటమన్నది ఆమెకు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది.

నొప్పితో కళ్లు బైర్లు కమ్ముతుండగా తల వెనక్కి తీసుకుని అతని మూతి మీద గుద్దింది. పన్ను విరిగి ఆమె నుదుట్లో దిగింది. అదే అదనుగా అవతలినుంచి కరెంటు బాబాయి నిచ్చెనతో తలుపు కుమ్మాడు. రెక్క తెరుచుకుని మెత్తనబ్బాయి వెల్లకిలా పడ్డాడు. పెళ్లికూతురు వాణ్ని దాటుకుని హాల్లోకి పరుగెత్తింది. ఆమె నెత్తిమీద అరచేయంత మేర జుట్టు లేదు. తెల్లబట్టల మీదికి నెత్తురు తాడులా దిగుతోంది.

అప్పటికి హాలు సగం నిండింది. బేకరీ మేస్త్రి ముందు వరసలో ఇస్త్రీ బట్టల్లో ఇబ్బందిగా కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఇంటికెళ్దాం" అంది కూతురు.

ఆయన లేచాడు. కూతురి తల చూశాడు, ఆమె వెనక మూతి తుడుచుకుంటూ వస్తున్న పెళ్లికొడుకును చూశాడు.

"ఏం లేదు మామయ్యా, చిన్న అపార్థం" అన్నాడు అతను. నవ్వబోయాడు కూడా.

నోట్లో వేలు పెడితే కొరకలేడని అందరూ అనుకునే మనిషి బేకరీ మేస్త్రి. ఒక్కటే గుద్దాడు. మెత్తనబ్బాయి గిర్రున తిరిగి రెండు వరసల అవతల పడ్డాడు. అంతే, అతని స్నేహితులు నలువైపులనుంచీ లేచారు. కుర్చీలు పీకబోయారు, నాలుగేసి కలిసి లేచేసరికి తట్టుకుని వాళ్లే బోర్లాపడ్డారు. కత్తి కోసం ఒకడు కేకు దగ్గరకు పరుగెత్తి, ఆ మొద్దు కత్తితో కరెంటు బాబాయిని పొడవబోయి, ఆయన చేతిలో నిచ్చెన దెబ్బ తిన్నాడు. పూలు కట్టేవాళ్లు, దీపాలవాళ్లు, వంటవాళ్లు అందరూ కలబడ్డారు. ఇనపక్క వేళ్లు విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని, రెండో చేత్తో పిల్లల్నీ ముసలివాళ్లనూ గుమ్మం వైపు నెడుతోంది.

కుర్చీలు బిగించింది, కత్తి మొద్దుబార్చింది. తానే తెప్పించి, తానే తగిలించిన తెడ్ల సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. స్నేహితుల్లో ఒకడు పడవ అంచునుంచి తెడ్డు పీకాడు. వెనకనుంచి వచ్చి బేకరీ మేస్త్రి చెవిమీద కొట్టాడు. ఆయన మోకాళ్ల మీద కూలి, నెమ్మదిగా పక్కకు ఒరిగాడు. చెవిలోంచి నెత్తురు గచ్చుమీద మడుగు కడుతోంది. రెండో దెబ్బకు తెడ్డు లేచింది గానీ అప్పటికే కూతురు ఆయన మీద బోర్లా పడుకుంది. తెడ్డు గాల్లో ఆగింది.

"అయ్యో, మావాడు ఏం చేశాడని ఇంత రచ్చ?" అని పెళ్లికొడుకు తల్లి గుండెలు బాదుకుంటూ వచ్చింది.

పెళ్లికూతురు నాన్న మీదనుంచి లేవకుండానే చెప్పింది. పడవ, నీళ్లు, జుట్టు, మళ్లీ నీళ్లు. అరవలేదు. దుకాణంలో కళ్లద్దాల నంబరు చదివినట్టు చెప్పింది. కొట్టుకుంటున్న చేతులు ఒక్కొక్కటే ఆగాయి.

పెళ్లికొడుకు తల్లి కొడుకు వైపు తిరిగింది. "మళ్లీనా?" అంది.

ఆ ఒక్క మాట అని కుర్చీలో కూలబడింది. పెళ్లికూతురి అమ్మ తన కొంగు చింపి కూతురి తలకు కట్టడం మొదలుపెట్టింది. ముడి పడక మళ్లీ మళ్లీ కట్టింది. పోలీసులు వచ్చేసరికి హాల్లో ఏడుపు తప్ప వేరే చప్పుడు లేదు.

కోర్టులో పెళ్లికొడుకు తల్లి, 'మళ్లీనా' అని తను అననే లేదంది. మెత్తనబ్బాయి తరఫు లాయరు ఇనపక్కను బోనులో నిలబెట్టి, ఆమె పాత కథ అంతా తవ్వి తీశాడు.

"మీ సొంత పెళ్లిలో పెళ్లికొడుకు ఎముక విరగ్గొట్టారా?"

"విరగ్గొట్టానండి."

"అంటే పెళ్లికొడుకుల్ని కొట్టడం మీకు అలవాటన్నమాట."

"ఒక్కసారి చేసింది అలవాటెలా అవుతుందండి? పెళ్లిళ్లు చేయడం నా అలవాటు."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఇనపక్కకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి, ఆ లాయరు అన్నదాంట్లో నిజమెంత అని చాలాసేపు ఆలోచించింది. స్టాండు ఎత్తిన ఆ క్షణంలో తనకు భయంతో పాటు ఇంకేదో కూడా కలిగిందని ఆమెకు తెలుసు. మెత్తనబ్బాయి మూతి పగిలినప్పుడూ అదే కలిగింది. అది ఎవరితోనూ అనలేదు, ఒక్క కరెంటు బాబాయితో తప్ప. ఆయన ప్లగ్గు బిగిస్తూ, "ఉంటే ఉందిలేమ్మా. దాన్ని ఎవరిమీద వాడావన్నదే లెక్క" అన్నాడు. ఆ మాట ఆమెకు సగమే నచ్చింది.

విరిగిన వేళ్లకూ, ఊడిన జుట్టుకూ మెత్తనబ్బాయికి జైలు పడింది. తెడ్డు ఎత్తినవాడికి ఇంకాస్త ఎక్కువ పడింది. చెరువులో జరిగినదానికి మాత్రం ఏమీ పడలేదు. నీళ్లు సాక్ష్యం చెప్పవు కదా.

హాలు మేనేజరు పోయి, ఆయన కొడుకు వచ్చాడు. "పెళ్లి చేయమంటే చెడగొట్టిందన్న పేరు మనకెందుకు?" అని ఇనపక్కను రావద్దన్నాడు. ఆమె వాదించలేదు. కొన్నాళ్లు దుకాణాల ప్రారంభోత్సవాలకు రిబ్బన్లు కట్టింది. ఎడంచేతి రెండు వేళ్లు వంగవు. తీగ ముడి పంటితో లాగడం నేర్చుకుంది. పెదవి కోసుకుంటూ ఉండేది. నిదానంగా పెళ్లిళ్లు మళ్లీ వచ్చాయి, వేరే హాళ్లలో, చిన్న చిన్నవి. కొందరు తల్లులు పూల సంగతి వదిలేసి, "అబ్బాయిని ఒకసారి మీరు చూస్తారా అక్కా?" అని అడిగేవాళ్లు. "నేను మనుషుల్ని చూసే యంత్రాన్ని కాదమ్మా. ఆ ఒక్కణ్నీ కూడా ఆలస్యంగానే చూశాను" అనేది.

ఒక మధ్యాహ్నం కళ్లద్దాల అమ్మాయి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఇంకో ఊళ్లో సొంతంగా దుకాణం పెట్టుకుందట.

"పెళ్లి కాదక్కా" అంది ముందే. "నాన్న పని మానేస్తున్నాడు. ఆయన కోసం ఏదైనా చేయాలి."

బేకరీ వెనక పెరట్లో చేశారు. వేదిక లేదు. ఇనపక్క పిండి బస్తాలు పేర్చి ఒక సింహాసనం కట్టింది. ఆయన ఇన్నేళ్లూ వాడిన అచ్చులన్నీ తోమించి చెట్టుకొమ్మలకు వేలాడదీసింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు తలా ఒక రొట్టె కాల్చి తెచ్చారు. మేస్త్రి ఒక్కొక్కటీ తుంచి రుచి చూసి, "ఉప్పు తక్కువ," "మాడింది," "వీడు నా పరువు తీశాడు" అని తీర్పులు చెప్తుంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ నవ్వుల మధ్య వంటగదిలో ఎవరి చేతిలోంచో పెద్ద రేకుపళ్లెం జారి గచ్చుమీద పడింది. ధడేలుమంది. అమ్మాయి, ఇనపక్క ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. అమ్మాయి చెయ్యి తన తలమీదికి వెళ్లింది. ఇనపక్క కుడిపిడికిలి బిగుసుకుంది, ఎడమది సగమే మూసుకుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఊపిరి అందేదాకా అలాగే ఉండిపోయారు.

మేస్త్రికి తెడ్డు దెబ్బ తగిలిన ఆ వైపు చెవి వినపడదు. ఆయన చేతిలో రొట్టెముక్కతో ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకు లేచారు? కూర్చోండి. ఇది ఒక్కటే సరిగ్గా కాలింది, తిని చూడండి" అని చెరో ముక్కా తుంచి ఇచ్చాడు.